ఒకరింట్లో ఉండి పిల్లల్ని చూసుకుంటున్నారా? తరచూ అడిగే ప్రశ్నలు

ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ వైపు ఊళ్ల నుంచి, తండాల నుంచి హనుమకొండ, కాజీపేట ఇళ్లకు పసిపిల్లల్ని చూసుకునే పనికి వచ్చే అమ్మాయిల కోసం రాసినవి ఇవి. తిండీ పడకా అక్కడే కాబట్టి, పని ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలియకపోవడమే వీళ్ల అసలు కష్టం.

"మా ఇంటి పిల్లలాగే చూసుకుంటం" అన్నారు. జీతం సంగతి అడిగితే ఏమనుకుంటారో?

మొదటి రోజే అడగండి. జర్మనీలో 'ఓ పెయిర్' పేరుతో ఒక కుటుంబంతో ఉంటూ పిల్లల్ని చూసుకునే యువతులున్నారు. వాళ్లనూ ఇంటి మనిషిగానే చూడాలంటారు. అయినా వారానికి 30 గంటలకు మించి పని చెప్పకూడదు, వారానికి ఒకటిన్నర రోజు సెలవివ్వాలి అని ముందే ఒప్పందం రాసుకుంటారు. ఆప్యాయత ఉన్నచోట కాగితం ఉండకూడదని ఎక్కడా లేదు. జీతమెంత, ఏ తేదీన ఇస్తారు, పిల్లల పని కాక వంట, అంట్లు, బట్టలు కూడా చేయాలా అన్నవి ఒక కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. దాన్ని ఫోన్‌లో ఫొటో తీసి ఇంటికి పంపండి. జీతం మీ సొంత బ్యాంకు ఖాతాలోనే పడాలి.

రాత్రి పాప ఏడిస్తే నేనే లేవాలి. తెల్లారి ఆరింటికి మళ్లీ పని.

మాకు ఎక్కువగా వినిపించే బాధ ఇదే. ఇంటిపనివారికంటూ దేశమంతటికీ ప్రత్యేక చట్టం లేదు. కాబట్టి పని గంటలు మాట్లాడుకునే తేల్చుకోవాలి. "రాత్రి నేను లేస్తే మర్నాడు మధ్యాహ్నం రెండు గంటలు పడుకుంటా అక్కా" అని సూటిగా చెప్పండి. వారంలో ఏయే రాత్రులు తల్లిదండ్రులే లేస్తారో కూడా ముందే అనుకోండి. నిద్రలేని మనిషి చేతిలో పసిబిడ్డ ఉండటం ఎవరికీ మంచిది కాదు. ఈ మాట వాళ్లకూ అర్థమవుతుంది.

బతుకమ్మకు, మేడారం జాతరకు సెలవిస్తారా?

ఒప్పందంలోనే రాయించుకోండి. జాతరకు వాళ్లతోపాటు తీసుకెళ్లడం సెలవు కాదు. గద్దెల దగ్గర వాళ్ల పాపను ఎత్తుకుని తిరిగితే అది పనే.

మా బాపు అడ్వాన్సు తీసుకున్నడు. తీరేదాకా పోవద్దంటున్నారు.

ఇచ్చిన అడ్వాన్సు సాకుతో మనిషిని కదలకుండా పనికి కట్టేయడం వెట్టి. ఈ గడ్డ మీద ఆ మాట అర్థం ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం 1976 నుంచి ఉంది. అలాంటి ఒప్పందం చెల్లదు, మీ నాన్న సంతకం పెట్టినా సరే. ఆ అప్పు కోసం మిమ్మల్ని ఆపలేరు. చేయించినవారికి మూడేళ్ల వరకు జైలుశిక్ష పడొచ్చు. ఫిర్యాదు కలెక్టర్ కార్యాలయంలో ఇవ్వండి.

ఆధార్ కార్డు వాళ్ల దగ్గరే పెట్టుకున్నారు. బయటికెళ్తే తాళం వేస్తారు.

కార్డు మీది, తిరిగి అడిగి తీసుకోండి. మనిషిని లోపల పెట్టి తాళం వేయడం నేరం. 112కు ఫోన్ చేయండి.

ఇంట్లో కెమెరాలున్నాయి.

హాల్లో ఉంటే ముందే చెప్పమనండి. మీరు బట్టలు మార్చుకునేచోట, స్నానం చేసేచోట ఉంటే నేరుగా పోలీసులకు చెప్పండి.

ఇంట్లో మగవాళ్లు తప్పుగా ప్రవర్తిస్తే?

2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం ప్రకారం మీరు పనిచేసే ఇల్లు కూడా పనిస్థలమే. మూడు నెలల్లోగా జిల్లా స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయాలి. రాయడం రాకపోతే రాసిపెట్టే బాధ్యత కమిటీదే. ఫిర్యాదులో నిజం కనిపిస్తే ఏడు రోజుల్లో పోలీసులకు పంపాలి. 2021 నుంచి హనుమకొండ, వరంగల్ వేర్వేరు జిల్లాలు కాబట్టి, ఇల్లు ఏ జిల్లాలో ఉందో చూసుకోండి. 181 మహిళా హెల్ప్‌లైన్‌కూ చెప్పొచ్చు. లాయరు ఖర్చుకు భయపడకండి: ఆదాయంతో పని లేకుండా మహిళలందరికీ న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. నంబరు 15100.

మా చెల్లెకు పదమూడేళ్లు. తననూ తీసుకురమ్మంటున్నారు, చుట్టాలమ్మాయని చెప్తారట.

తీసుకురావద్దు. 14 ఏళ్లలోపు పిల్లల్ని పనిలో పెట్టుకుంటే ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా జైలు, లేదా 20,000 నుంచి 50,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. బడి వేళలు కాని సమయంలో సొంత కుటుంబానికి సాయపడటానికే మినహాయింపు. అమ్మానాన్నలు, తోబుట్టువులు, మేనమామలు, మేనత్తలు, పిన్నులు, బాబాయిలు ఆ కుటుంబంలోకి వస్తారు. దూరపు చుట్టరికం పనికిరాదు. అలాంటి పాప ఏ ఇంట్లోనైనా కనిపిస్తే 1098కి ఫోన్ చేయండి. పక్కింటివాళ్లయినా చేయొచ్చు.