అతిమానవ వీరుని చిత్రానుసరణలు: పోల్చి చూచు పద్ధతి

ఒకే కథను పలువురు దర్శకులు పలు కాలాలలో తెరకెక్కించినప్పుడు వాటిలో ఏది మేలైనదన్న చర్చ ప్రేక్షకులలో తలెత్తడం సహజం. ఆ కథను మళ్లీ మొదటి నుంచి ఎత్తుకొని కొత్తగా తీయబోతున్నారన్న ప్రకటన వెలువడితే ఆ చర్చ మరింత వేడెక్కుతుంది. ఇలా తిరిగి ప్రారంభించడాన్నే నేడు ‘రీబూట్’ అంటున్నారు. వేషం ఎవరికి నప్పుతుంది, పాత చిత్రానికి ఇది సరితూగుతుందా, మూలంలో లేనిదానిని ఎందుకు చేర్చారు అన్న వాదోపవాదాలు తరగతి గది బయట, బస్సు కోసం నిలుచున్న చోట, వేసవిలో మామిడి తోటల కావలి పాకల దగ్గర కూడా వినవస్తుంటాయి. వీటిని చిన్నచూపు చూడవలసిన పని లేదు. తులనాత్మక విమర్శకు ఇవే తొలి పాఠాలు. అయితే ఈ వాదాలలో ఉత్సాహం ఉన్నంతగా కొలబద్ద ఉండదు. అటువంటి కొలబద్ద ఒకటి మన వాఙ్మయంలోనే సిద్ధంగా ఉన్నదని చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

మొదట ‘మూలం’ అనే మాటను విచారించాలి. ‘మాయాబజార్’ విషయమే తీసుకుందాము. 1957 మార్చి 27న విడుదలైన ఆ చిత్రమే మూలమని, తరువాత వచ్చినవన్నీ దానితో పోల్చదగినవని మనలో పలువురి నమ్మకం. కాని అంతకు 21 సంవత్సరాల ముందే, 1936లో, పి.వి. దాస్ దర్శకత్వంలో ఇదే కథ ‘శశిరేఖా పరిణయం’గా తెరమీదికి వచ్చింది. శాంతకుమారి తొలిసారి తెరపై కనిపించినది అందులోనే. అంతకు ముందు నాటకరంగం మీద సురభి సమాజాలవారు దీనిని ఎన్ని మాయలతో ప్రదర్శించారో పెద్దలు నేటికీ చెప్పుకుంటారు. సరే, వ్యాసభారతమే మూలమందామంటే అందులో శశిరేఖయే లేదు. అభిమన్యుడు వివాహమాడినది విరాటరాజు కుమార్తె ఉత్తరను. శశిరేఖ కథ జనుల నోట పుట్టి పెరిగినది. కె.వి. రెడ్డి, పింగళి నాగేంద్రరావు దానిని తీసుకొని, పాండవులను ఒక్కసారైనా తెరమీద చూపకుండానే పాండవపక్షపు కథను నడిపించారు. ఇంతటి స్వేచ్ఛ తీసుకొన్న చిత్రాన్ని మూలమని గౌరవిస్తూ, అంతకంటె తక్కువ స్వేచ్ఛ తీసుకొన్న మరొక దర్శకుణ్ణి మూలద్రోహి అని నిందించడం న్యాయం కాదు. నిజం చెప్పాలంటే, ప్రతి ప్రేక్షకునికీ తాను బాల్యంలో మొట్టమొదట చూసిన చిత్రమే మూలం. 2010 జనవరిలో ఈ ‘మాయాబజార్’కే రంగులద్ది విడుదల చేసినప్పుడు, నలుపు తెలుపులలోనే దాని అందమున్నదని పెద్దతరం పట్టుపట్టడానికి కారణం ఇదే. రంగులలోనే మొదటిసారి చూసిన పిల్లలకు ఆ బాధ లేదు.

ఒకరు విడిచిన చోట మరొకరు అందుకోవడం మన సాహిత్యాలకు కొత్త కాదు. తెలుగులో నన్నయ అరణ్యపర్వం నడుమ విడిచిన భారతాన్ని తిక్కన విరాటపర్వం నుంచి ఎత్తుకొన్నాడు. మిగిలిన ఖాళీని ఎఱ్ఱన పూరించాడు. ముగ్గురి చేతిలో భీముడు ఒకే విధంగా మాట్లాడడు. అందుకని ఎవరి భీముణ్ణీ మనం తోసివేయలేదు. మన పత్రిక ఉర్దూ విభాగం పాఠకులకు ‘దాస్తానె అమీర్ హమ్జా’ పరిచితమే. లక్నోలోని నవల్ కిశోర్ ముద్రణాలయం దానిని 46 సంపుటాలుగా ప్రచురించింది. అందులోని ‘తిలిస్మె హోష్రుబా’ మొదటి నాలుగు సంపుటాలు ముహమ్మద్ హుసేన్ జాహ్ వ్రాయగా, తరువాతి సంపుటాలను అహ్మద్ హుసేన్ కమర్ చేపట్టాడు. నేటి పరిభాషలో దర్శకుడు మారాడన్నమాట. లోకమంతా పట్టే సంచిని భుజాన వేసుకొని తిరిగే అమర్ అయ్యార్ మాత్రం ఆ మార్పును తట్టుకొని నిలిచాడు. వేయి పుటల మాయను మోయగలిగిన పాత్రకు రచయిత మారడం పెద్ద విఘాతం కాదు.

కనుక మూలానికి ఎంత దగ్గర అన్నది చాలినంత కొలత కాదు. మరి కొలవవలసినది దేనిని? అతిమానవ వీరుని కథలో బలం అందరికీ కనిపిస్తుంది. ఆ బలానికి ఉన్న కట్టుబాటు మాత్రం వెదికితేగాని కనిపించదు. వాల్మీకి రామాయణంలో హనుమంతునికి తన బలం తనకు గుర్తుండదు. సముద్రతీరాన జాంబవంతుడు గుర్తుచేస్తేగాని లేచి నిలువడు. లంకలో సీతతో, నిన్ను వీపుమీద మోసుకొని పోగలనని అంటాడు. ఆమె కాదంటుంది. ఆయన ఊరకుంటాడు. నూరు యోజనాల సముద్రాన్ని దాటినవాడు ఒక స్త్రీ మాటకు ఆగిపోయిన ఆ క్షణంలోనే ఆ పాత్ర మహత్త్వమంతా ఉన్నది. ఎగరడాన్ని ఎవరైనా తెరమీద చూపగలరు. నేడు దానికి యంత్రసాయం ఎంతైనా ఉన్నది. ఆగడాన్ని చూపగలిగిన అనుసరణయే మేలైనదని నా అభిప్రాయం.

ఈ కొలబద్దతో ‘మాయాబజార్’లోని ఘటోత్కచుణ్ణి చూడండి. ఆ వేషం ధరించిన ఎస్.వి. రంగారావు 1918లో మన నూజివీడులోనే జన్మించారన్నది ఈ ప్రాంతపు విద్యార్థులు గర్వించదగిన విషయం. భారతంలో ఘటోత్కచుడు ద్రోణపర్వపు రాత్రియుద్ధంలో కర్ణుని శక్తికి కూలి, పడుతూ పడుతూ శత్రుసేనను తన దేహం కింద నలిపివేసిన భయంకరమూర్తి. చిత్రంలో అదే బలం ఉన్నది, కాని అది కృష్ణుని మాటకు కట్టుబడి ఉన్నది. తలచుకుంటే కౌరవ పరివారాన్ని తుడిచివేయగలవాడు వారికి విడిది ఏర్పాటు చేస్తాడు, వారి కోసం వండిన విందును తానే ఆరగిస్తాడు, పెళ్లికూతురి రూపం ధరించి పీటల మీద కూర్చుంటాడు. ఒక్క ప్రాణం తీయడు. రాక్షసుడు శశిరేఖ దేహంలో ఇమిడి ఉన్న ఆ ఘట్టాలలో సావిత్రి నటన ఎంత గొప్పదో అందరూ చెప్పినదే. లోపల రంగారావు ఉన్నాడని మనకు ప్రతిక్షణం తెలుస్తూనే ఉంటుంది. 1995లో ఎస్.వి. కృష్ణారెడ్డి ‘ఘటోత్కచుడు’లో ఇదే పాత్రను నేటి నగరంలోకి దింపి, కైకాల సత్యనారాయణ చేత ఒక చిన్నపిల్లకు అండగా నిలిపారు. రెండింటిని పోల్చి రంగారావుకు ఎన్ని మార్కులు, సత్యనారాయణకు ఎన్ని అని లెక్కించడం కంటె, కృష్ణుడు లేని లోకంలో ఘటోత్కచుణ్ణి ఎవరు అదుపు చేస్తారన్న ప్రశ్న వేస్తే రెండవ చిత్రం చక్కగా బోధపడుతుంది. ఆ పసిపిల్లే అదుపు.

పాశ్చాత్య వీరులకు ఈ కొలబద్ద వర్తిస్తుందా అని అడగవచ్చు. వర్తిస్తుంది. 1938లో అమెరికాలో బొమ్మల కథగా పుట్టిన సూపర్‌మ్యాన్‌ను 1978లో రిచర్డ్ డోనర్ తెరకెక్కించాడు. క్రిస్టఫర్ రీవ్ ఆ వేషం ధరించాడు. మానవచరిత్రలో జోక్యం చేసుకోరాదన్న తండ్రి ఆజ్ఞను, ప్రేమించిన స్త్రీ మరణించగానే, ఆ వీరుడు మీరి కాలాన్ని వెనుకకు త్రిప్పుతాడు. 2013లో జాక్ స్నైడర్ చిత్రంలో అదే వీరుడు శత్రువు మెడ విరిచి చంపుతాడు. దానిపై అభిమానులు రెండు పక్షాలుగా చీలి ఏళ్ల తరబడి వాదించుకొన్నారు. 2025 జులైలో జేమ్స్ గన్ కథను తిరిగి ప్రారంభిస్తూ మరొక మలుపు త్రిప్పాడు. కన్నవారు పంపిన సందేశంలో భూమిని ఏలమన్న మాట ఉన్నదని తెలిసిన తరువాత, ఆ మాటను కాదని, తనను పెంచిన పల్లె దంపతులు నేర్పిన మంచినే ఆ వీరుడు పట్టుకొంటాడు. మూడు చిత్రాలలోను బలం ఒక్కటే. కట్టుబాటు ఎక్కడి నుంచి వస్తున్నది, అది తెగిందా నిలిచిందా అన్నదే తేడా. రీవ్ అందగాడా, కొత్తగా వచ్చిన డేవిడ్ కోరెన్‌స్వెట్ అందగాడా అన్న వాదం దీనిముందు తేలిపోతుంది.

ఈ వీరుడు తెలుగువారికి 1980లోనే పరిచయమయ్యాడు. వి. మధుసూదనరావు దర్శకత్వంలో ఎన్.టి. రామారావు కథానాయకుడుగా ‘సూపర్‌మ్యాన్’ అనే చిత్రమే వచ్చింది. పేరు అమెరికాది, బలం మాత్రం వేరే లోకపు సూర్యుని వల్ల కాక, ఆంజనేయుని అనుగ్రహం వల్ల వచ్చినది. ఇక్కడ మన ప్రాంతపు పోలిక ఒకటి చెప్పవచ్చును. టెంక నాటితే మొలిచే మామిడి తల్లిచెట్టు గుణాన్ని అచ్చంగా తెస్తుందన్న హామీ లేదు. అందుకే టెంక మొక్కకు పెద్దరసం కొమ్మనో బంగినపల్లి కొమ్మనో అంటు కడతారు. పండు కొమ్మ జాతిది, వేరు మన నేలది. 1980 నాటి ‘సూపర్‌మ్యాన్’ అటువంటి అంటు. అది పట్టిందా లేదా అన్న విషయంలో అభిప్రాయభేదాలు ఉండవచ్చు. అంటు గట్టిగా అతుక్కోలేదని, రామారావు గారి పౌరాణిక గాంభీర్యానికి ఆ బిగుతు దుస్తులు కొంత ఎబ్బెట్టుగా ఉన్నాయని నాకు తోస్తుంది. అయినా ఆ ప్రయత్నం వృథా పోలేదు.

ఏలయనగా 44 ఏళ్ల తరువాత, 2024 జనవరి 12న, ప్రశాంత్ వర్మ ‘హను-మాన్’తో అదే వేరుకు మరొక కొమ్మ కట్టారు. అంజనాద్రి అనే కల్పిత గ్రామంలోని హనుమంతు అనే అల్లరి యువకునికి (తేజ సజ్జా) హనుమంతుని రక్తబిందువు నుంచి పుట్టిన మణి దొరుకుతుంది. ఆ మణి సూర్యకాంతిలోనే పనిచేస్తుంది. రాత్రివేళ అతడు మామూలు మనిషి. ఇది కేవలం కథ నడిపే ఉపాయం కాదు, బలానికి వేసిన కట్టుబాటు. ప్రతినాయకుడు మైఖేల్ పాత్ర మరింత ఆలోచించదగినది. కథలలోని వీరులందరూ తల్లిదండ్రులను కోల్పోయినవారే కదా అని, తానూ వీరుడు కావడానికి ఆ బాలుడు తన తల్లిదండ్రులనే బలి తీసుకొంటాడు. పరదేశపు వీరగాథల పైపై లక్షణాలను అనుకరిస్తే ఏమవుతుందో ఆ ఒక్క పాత్ర చేత దర్శకుడు చెప్పించాడు. అనుకరణకు, అనుసరణకు ఉన్న భేదాన్ని వివరించడానికి తెలుగు ఉపన్యాసకులకు ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు.

దీనికి కొద్ది నెలల ముందు, 2023 జూన్‌లో వచ్చిన ‘ఆదిపురుష్’ను పక్కన పెట్టి చూస్తే పాఠం పూర్తవుతుంది. ఓం రౌత్ దర్శకత్వం వహించిన ఆ చిత్రానికి ప్రభాస్ వంటి నటుడు, అపారమైన వ్యయం, సాంకేతిక సామగ్రి సమకూడాయి. ప్రేక్షకులు ముఖ్యంగా ఆక్షేపించినది హనుమంతుని మాటలను. వీధి జగడపు భాష ఆయన నోట పలికించారన్న నిరసన ఎంత బలంగా వచ్చిందంటే, విడుదలైన తరువాత కొన్ని సంభాషణలను మార్చవలసి వచ్చింది. ఇది ఛాందసుల కోపమని కొందరు కొట్టివేశారు. కాని కిష్కింధాకాండలో రాముడు హనుమంతుణ్ణి మొదటిసారి చూసినప్పుడు మెచ్చుకొన్నది బలాన్ని కాదు, భాషను. వేదవిదుడు, వ్యాకరణవేత్త కానివాడు ఇలా మాట్లాడలేడని, ఇంతసేపు పలికినా ఒక్క అపశబ్దం దొరలలేదని లక్ష్మణునితో అంటాడు. మాట అదుపులో ఉన్నవానికే బలం అదుపులో ఉంటుంది. ఆ అదుపు సడలిందనే ప్రేక్షకులు నొచ్చుకొన్నారు. వారిలో చాలామంది వాల్మీకిని చదివి ఉండరు. అయినా పాత్ర ప్రాణం ఎక్కడున్నదో వారికి తెలిసినది.

ఇక రాబోయే చిత్రాల విషయం. ‘హను-మాన్’కు తరువాయిగా ‘జై హనుమాన్’ను ప్రకటించి, 2024 అక్టోబరులో కన్నడ నటుడు రిషబ్ శెట్టిని హనుమంతునిగా చూపే చిత్రపటాన్ని విడుదల చేశారు. నాటి నుంచి మన విద్యార్థులలో జరుగుతున్న చర్చ అంతా దేహదారుఢ్యం గురించి, కిరీటం గురించి, కన్నడిగుడా తెలుగువాడా అన్న దాని గురించే. రంగారావు చేసిన ఘటోత్కచుణ్ణి తమిళులు కూడా తమవాడనే అనుకొన్నారు. తమిళ ‘మాయాబజార్’లో అభిమన్యుని వేషానికి జెమినీ గణేశన్‌ను తీసుకొన్నా, ఘటోత్కచునిగా ఆయననే ఉంచారు. కాబట్టి నటుని ఊరు పెద్ద ప్రశ్న కాదు. విచారించవలసిన ప్రశ్నను మొదటి చిత్రమే చివరలో విడిచిపెట్టింది: త్రేతాయుగంలో హనుమంతుడు శ్రీరామునికి ఇచ్చిన మాట ఏమిటి? మంచుకొండలో యుగాల తరబడి కదలక కూర్చున్నవాడు ఆ మాట కోసమే కూర్చున్నాడు. తరువాయి చిత్రం వచ్చినప్పుడు ఆయన ఎంత ఎత్తు ఎగిరాడన్నది అందరూ చెబుతారు. ఆ మాటను దర్శకుడు ఏమని చెప్పించాడో, అది ఆయనను ఏ పని చేయనీయకుండా ఆపుతున్నదో గమనించి వచ్చిన విద్యార్థి, వచ్చే సంచికకు దానిపై వ్యాసం వ్రాసి పంపవచ్చును.