ఒకే స్తంభము – రెండు స్వరములు

హైదరాబాదు నగరమునకు ఆగ్నేయ దిశయందు అల్మాస్‌గూడ కలదు. దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ వైపులనుండి పెరుగుచు వచ్చిన ఇండ్ల వరుసలు నేడు దానిని నగరముతో కలిపివేసినవి. పూర్వము ఈ ప్రాంతమంతయు పొలములు, చెరువులు, తాటిచెట్లు గల పల్లెసీమ. అల్మాస్‌గూడకు అనతిదూరమున, నగరమునకు పోవు దారియందు సరూర్‌నగర్ ఉన్నది. 1939వ సంవత్సరమున అచ్చట రేడియో ప్రసారయంత్రమును నెలకొల్పిరి. అదియే దక్కను రేడియో. పాటలను, వార్తలను వినిపించుటకై ఏర్పడిన ఆ సాధనము పదియేండ్లు గడువకమునుపే ఒక రాజ్యముయొక్క తలవ్రాతను లోకమునకు చాటవలసి వచ్చినది.

దక్కను రేడియో 1935 ఫిబ్రవరి 3వ తేదీనుండి నిజాము ప్రభుత్వ నిర్వహణలో నడచినది. అప్పటి ప్రసారయంత్రము శక్తి 200 వాట్లు మాత్రమే. నాలుగేండ్ల పిమ్మట సరూర్‌నగర్‌లో వెలసినది 5 కిలోవాట్ల యంత్రము, అనగా మొదటిదానికంటె ఇరువదియైదు రెట్లు శక్తి గలది. దాని తరంగము పొడవు 411 మీటర్లు. రేడియో తరంగము ఒక సెకనులో 30 కోట్ల మీటర్లు పరుగెత్తును. ఆ సంఖ్యను 411చే భాగించినచో, స్తంభమునుండి సెకనునకు సుమారు 7,30,000 తరంగములు వెలువడుచుండెనని తెలియును. ఆ తరంగములపై మనుష్యుని స్వరము, బండిపై ప్రయాణికునివలె ఎక్కి పోవును. వినువాని యింటిలోని యంత్రము బండిని విడిచి, ప్రయాణికుని మాత్రము దింపుకొనును.

ఇట్టి తరంగములు పగటివేళ నేలను అంటి పయనించును. రాత్రివేళ ఆకాశమునందలి ఒకానొక పొరను తాకి, వెనుకకు మరలి, బహుదూరమున దిగును. కావుననే చీకటి పడిన పిదప దూరదేశపు కేంద్రములు కూడ చక్కగా వినవచ్చును. సరిహద్దు కావలివారు ధాన్యపు బస్తాను ఆపగలరు, ఉత్తరమును చింపగలరు. తరంగమును ఆపుట వారి తరము కాదు. తరువాతి కథకు ఈ సంగతియే మూలము.

1947 ఆగస్టు 15వ తేదీన భారతదేశము స్వతంత్రమయ్యెను. హైదరాబాదు సంస్థానము మాత్రము భారతదేశమున చేరలేదు. అచ్చటి ప్రజలలో దాదాపు సగముమంది తెలుగువారు. తక్కినవారు మరాఠీ, కన్నడము, ఉర్దూ మున్నగు భాషలవారు. ఆ సంవత్సరము నవంబరు 29వ తేదీన భారత ప్రభుత్వమునకును నిజామునకును యథాతథపు టొడంబడిక కుదిరెను. దాని గడువు ఒక్క సంవత్సరము. ఆ సంవత్సరము ముగియుసరికి ఒడంబడిక మాత్రమే కాదు, ఆకాశమున వినవచ్చు స్వరములు కూడ మారిపోయినవి.

ఆనాడు రేడియో యంత్రము సామాన్యునకు అందుబాటులో లేదు. దానిని ఉంచుకొనుటకు లైసెన్సు కావలసియుండెను. విద్యుచ్ఛక్తి లేని పల్లెలలో అది బ్యాటరీతో నడువవలసినదే. బ్యాటరీ నీరసించినచో పట్టణమునకు మోసికొనిపోయి శక్తి నింపించి తేవలెను. కావున ఒక రేడియో ఉన్న యింటి ముంగిట పదిమంది గుమికూడి వినుట వాడుక. ఒకరు విన్నది మరునాటికి ఊరంతయు ప్రాకును. విన్నది అసత్యమైనచో అదియు అంతే వేగముగ ప్రాకును.

ఆ సంవత్సరము ఇరువైపుల ప్రభుత్వములు పరస్పరము ఆరోపణలు చేసికొనెను. పత్రికలతోపాటు రేడియో కూడ ఈ మాటల యుద్ధమున పాల్గొనెను. ముళ్ళను త్రిప్పిన ఒకచోట దక్కను రేడియో, మరియొకచోట ఆల్ ఇండియా రేడియో. సంగతి ఒకటియే, కథనములు రెండు. పల్లెలలో రజాకారుల దౌర్జన్యములు పెచ్చు పెరిగియుండగా, మరునాడు ఏమి జరుగునోయని ప్రజలు ప్రాణములు ఉగ్గబట్టుకొని వినుచుండిరి. ఏ మాటను నమ్మవలెను? ఊరు విడిచి పోవలెనా, నిలువవలెనా? ఎవరి ప్రశ్నకు వారే జవాబు వెదకికొనవలసి వచ్చెను.

యథార్థముగ పలికిన మాట ఎంత మేలు చేయునో కూడ ఆ సంవత్సరమే లోకము ఎరిగినది. 1948 జనవరి 30వ తేదీ సాయంకాలము గాంధీ మహాత్ముడు హత్యకు గురియయ్యెను. హంతకుడు ఏ మతమువాడో తెలియక వదంతులు చెలరేగినచో దేశమెల్ల రక్తసిక్తము కాగలదు. అతడు హిందువేయని రేడియో వెంటనే స్పష్టముగ ప్రకటించెను. ఆ చిన్న వాక్యము ఎందరి ప్రాణములనో కాపాడినది.

1948 సెప్టెంబరు 13వ తేదీన భారత సైన్యము హైదరాబాదు సంస్థానమున ప్రవేశించెను. ప్రధాన సేన జనరల్ జె.ఎన్. చౌదరి నాయకత్వమున షోలాపురము వైపునుండి వచ్చెను. ఐదుదినములలో పోరు ముగిసెను. 17వ తేదీన ప్రధానమంత్రి మీర్ లాయఖ్ అలీ మంత్రివర్గము రాజీనామా ఇచ్చెను. అపుడు నిజాము భారత ప్రభుత్వ ప్రతినిధియగు కె.ఎం. మున్షీగారిని పిలిపించి ఆలోచన యడిగెను. ఆ సాయంకాలమే మీర్ ఉస్మాన్ అలీఖాన్ రేడియో కేంద్రమునకు వచ్చెను. ముప్పదియేడేండ్లకు పైగా రాజ్యమేలిన ఆ ప్రభువు రేడియో కేంద్రమున అడుగిడుట అదియే మొదటిసారి. కాల్పుల విరమణను ఆయన స్వయముగ ప్రకటించెను. మరునాడు హైదరాబాదు సేనాధిపతి జనరల్ ఎల్ ఎద్రూస్ తన సైన్యముతో లొంగిపోయెను.

అంతకుముందు కయ్యమునకు కాలు దువ్విన స్వరమే నేడు శాంతిని పలికెను. యంత్రము మారలేదు. తరంగము మారలేదు. దాని ముందు కూర్చున్నవారి సంకల్పము మాత్రమే మారినది. ఐనను ఆ ప్రకటనతో దుఃఖమెల్ల తీరలేదు. పిదప కొన్ని జిల్లాలయందు నిరపరాధులు అనేకులు ప్రాణములు కోల్పోయిరి. రేడియో మాటను చేరవేయగలదు గాని, పగతో లేచిన చేతిని పట్టి ఆపలేదు.

ఒడంబడికకు ఏడాది నిండిన రెండవ నాడే, అనగా 1948 డిసెంబరు 1వ తేదీన, విజయవాడలో ఆల్ ఇండియా రేడియో కేంద్రము ప్రారంభమయ్యెను. అంతకుముందు ఆ సంస్థ తెలుగు ప్రసారములకు 1938లో ఏర్పడిన మద్రాసు కేంద్రమే ఆధారము. స్వాతంత్ర్యము వచ్చునాటికి భారతదేశమున ఆల్ ఇండియా రేడియోకు మిగిలిన కేంద్రములు ఆరు మాత్రమే. తెలుగుగడ్డపై వెలసిన దాని మొదటి కేంద్రము విజయవాడదే. ఆ సెప్టెంబరు వరకు హోంశాఖ, సంస్థానముల శాఖ, సమాచార ప్రసారశాఖ మూడును సర్దారు వల్లభభాయి పటేలు చేతిలోనే ఉండుట గమనింపదగినది. రాజ్యములను కలుపుటతోపాటు స్వరములను కలుపుటయు అవసరమని ఆయన ఎరుగును.

1950 ఏప్రిల్ 1వ తేదీన భారత ప్రభుత్వము దక్కను రేడియోను స్వాధీనము చేసికొనెను. 1956 నవంబరు 1న తెలుగువారందరు ఒక రాష్ట్రమువారైరి. అప్పటికే హైదరాబాదు, విజయవాడ కేంద్రములు ఒకే సంస్థలోని అక్కచెల్లెండ్రు. 2014లో రాష్ట్రములు రెండైనను, ఆ రెండు కేంద్రముల తెలుగు పలుకు నేటికిని వినవచ్చుచునే యున్నది.

నేడు అల్మాస్‌గూడలోని బాలుడు వార్త కొరకు ఎవరి ముంగిటను నిలువ నక్కరలేదు. అరచేతిలోని ఫోనున క్షణమునకొక వార్త వచ్చి వ్రాలును. కాని ఆనాటి ప్రశ్న నేటికిని తీరలేదు. ఇది ఎవరు పలికిన మాట? ఏల పలికిరి? రెండవవైపువారు ఏమనుచున్నారు? యంత్రము మాటకు రెక్కలనిచ్చును. సత్యమును మాత్రము ఈయలేదు. ఆ బాధ్యత పలుకువానిదెంతయో, వినువానిదియు అంతే.

ప్రశ్నలు
1. తరంగమును సరిహద్దువద్ద ఆపుట ఏల సాధ్యము కాదు?
2. 1948 జనవరి 30 నాటి ప్రకటనవలన కలిగిన మేలు ఏమి?
3. “యంత్రము మారలేదు” అనుటలోని భావమును వివరింపుము.
4. నీవు విన్న ఒక వార్త నిజమో కాదో ఎట్లు తెలిసికొందువు? సొంతమాటలలో వ్రాయుము.