ఒకే బిల్లు, మూడు పద్దులు

ప్రశ్న: సూపర్‌మార్కెట్ బిల్లులో బియ్యం, సబ్బులు, పిల్లల నోటుపుస్తకాలు కలిసే ఉంటాయి. లెక్కలు రాసుకునే సాఫ్ట్‌వేర్ గ్నూక్యాష్‌లో ఏ పద్దు కింద రాయాలి?

జవాబు: మూడింటి కిందా రాయండమ్మా. ఆ లావాదేవీ మీద ‘స్ప్లిట్’ నొక్కితే కింద వరుసలు తెరుచుకుంటాయి. బ్యాంకు ఖాతా నుంచి పోయింది 2,340 అనుకుందాం. సరుకులకు 1,650, సబ్బులకు 420, చదువుకు 270 వేయండి. లెక్క తేడా వస్తే, ఆ మిగులు ‘ఇంబ్యాలెన్స్’ అనే ఖాతాలో కనబడుతుంది. దాన్ని అలా వదిలేయకండి, బిల్లు మళ్లీ చూడండి. ఎమ్మార్పీలోనే జీఎస్టీ కలిసి ఉంటుంది కాబట్టి పన్నును విడదీయక్కర్లేదు. మొత్తం మీద ఇచ్చిన తగ్గింపును పెద్ద పద్దులోంచి తీసేయండి చాలు. ఒక్క అగ్గిపెట్టెకు వేరే పద్దు మాత్రం తెరవకండి. అలా చేసినవాళ్లు నెల తిరక్కుండానే లెక్కలు రాయడం మానేస్తారు.