గ్రామసభలో కంప్యూటర్ తెర: అక్షరములు స్పష్టముగ కనుపించు విధము

గ్రామసభలో జమాఖర్చులను ప్రొజెక్టర్‌తో గోడమీద చూపదలచిన పంచాయతీకి మొదట ఎదురగు చిక్కు తరచుగ లెక్కలలో ఉండదు, తెరలో నుండును. 3 అంకె 8 వలె కనుపించును. సంయుక్తాక్షరముల క్రింది వత్తులు అలికినట్లుండును. వెనుక వరుసలోనివారు చదువలేని లెక్కను చూపినను చూపనట్లే. ఇట్టి దోషము పెక్కుసార్లు యంత్రమును మార్చనక్కరలేకయే, అమరికను సవరించినంత మాత్రమున తొలగును.

మేమిచట చెప్పునది లినక్స్ గల కంప్యూటర్లను గూర్చి. 1991లో ఫిన్లండు విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన ఈ వ్యవస్థను ఎవరైనను పరిశీలించి, సవరించి, ఇతరులకు పంచవచ్చును. ఉబుంటు, డెబియన్, లినక్స్ మింట్, మన దేశమున సీ-డాక్ సంస్థ రూపొందించిన బాస్ మొదలగునవన్నియు ఈ కుటుంబములోనివే. మెనూల పేర్లు కొంత మారినను పద్ధతి ఒక్కటే.

తెర యనగా చుక్కలు నాటిన మడి. 1920×1080 మానిటర్‌లో అడ్డముగ 1920, నిలువుగ 1080, వెరసి 20,73,600 చుక్కలు స్థిరముగ నుండును. కంప్యూటర్ 1024×768 కొలతతో బొమ్మను పంపినచో, 7,86,432 చుక్కల బొమ్మను అంతటికిని సాగదీయవలసివచ్చును. అక్షరములు అలికినట్లగుట అందువలననే. అక్షరములు చిన్నవిగ నున్నవని రిజల్యూషన్‌ను తగ్గించు అలవాటు చాలమందికి కలదు, అది సరికాదు. రిజల్యూషన్‌ను తెర సహజ కొలతయందే ఉంచి, ‘స్కేల్’ను 125, 150 లేక 200 శాతమునకు పెంచవలెను. అప్పుడు అక్షరము పెద్దదగును, అంచు చెదరదు. 125, 150 కనుపించనిచో ‘ఫ్రాక్షనల్ స్కేలింగ్’ అను ఏర్పాటు ఉన్నదేమో చూడవలెను. అదియు లేనిచో అక్షరముల పరిమాణమును మాత్రమే పెంచుకొనవచ్చును. ప్రొజెక్టర్లలో సహజ కొలత 1024×768 గాని 1280×800 గాని కావచ్చును. అట్టివానికి 1920×1080 పంపినను మేలు లేదు. వెంట వచ్చిన చిన్నపుస్తకములో ‘నేటివ్’ అను మాట కెదురుగ నున్న సంఖ్యయే ప్రమాణము.

సెట్టింగ్స్‌లో ‘డిస్‌ప్లే’ భాగమును తెరచి ఈ మార్పులు చేయవలెను. తెర కనుపించకుండ పోవునేమో యని జంకనక్కరలేదు. మార్పును ఉంచుడని బొత్తాము నొక్కనిచో, 20 లేక 30 సెకన్లలో పూర్వపు అమరికయే తిరిగి వచ్చును. ఆ వ్యవధిలో దేనిని తాకక కూర్చుండుటయే మేలు.

రెండు తెరలున్నప్పుడు ‘మిర్రర్’ అనగా రెంటిపైనను ఒకే బొమ్మ. ‘జాయిన్’ అనగా రెండును కలసి ఒక పెద్ద తెర. గ్రామసభకు రెండవదియే తగినదని మా అభిప్రాయము. మొదటి పద్ధతిలో రెండు తెరలకును సరిపడు కొలతకు దిగవలసివచ్చును. అంతేగాక, కార్యదర్శి ఫించనుదారుల ఆధార్ సంఖ్యలు గల పట్టికను పొరపాటున తెరచినచో అది ఊరందరి యెదుట గోడమీద పడును!

సహజ కొలత జాబితాలోనే లేనిచో ముందు కేబుల్‌ను చూడుడు. మానిటర్ తన కొలతలను కేబుల్ ద్వారానే కంప్యూటర్‌కు తెలుపును. వంగిన పిన్ను వలనగాని, మిక్కిలి పొడవైన వీజీఏ తీగ వలనగాని ఆ సమాచారము చేరనిచో, కంప్యూటర్ తక్కువ కొలతను ఊహించుకొనును. మరియొక కేబుల్ మార్చిచూచుట క్షణము పని. అప్పటికిని మారనిచో డ్రైవర్‌ను అనుమానింపవలెను. ఇంటెల్, ఏఎండీ గ్రాఫిక్స్‌కు డ్రైవర్లు సాధారణముగ లినక్స్‌లోనే చేరియుండును. ఎన్విడియా కార్డులు కొన్నిటికి తయారీదారుల డ్రైవర్‌ను వేరుగ చేర్చవలసియుండును.

యంత్రము నడచుచున్నను తెర నల్లగనే యుండినచో, ప్రారంభమున షిఫ్ట్ లేక ఎస్కేప్ మీటతో వచ్చు మెనూలో ‘ఈ’ అక్షరపు మీట నొక్కి, ‘లినక్స్’ అను మాటతో మొదలగు పంక్తి చివర ఖాళీ విడిచి ‘నోమోడ్‌సెట్’ అని ఇంగ్లీషు చిన్న అక్షరములలో ఒకే పదముగ చేర్చి, ఎఫ్10 నొక్కవలెను. తెర తక్కువ కొలతతోనైనను వెలుగవచ్చును. ఈ మార్పు ఆ ఒక్క పర్యాయమునకే. ఆ వెలుగులోనే డ్రైవర్‌ను సరిచేసికొననిచో, మరుసటి పర్యాయము మరల నలుపే.