కోత నొప్పి – స్థానిక మత్తు

విజయనగరం, విశాఖపట్నాలలోని స్త్రీల ప్రభుత్వ వైద్యశాలలను ప్రజలు నేటికీ 'ఘోషా ఆసుపత్రి' అనే పిలుస్తారు. 'గోషా' అనే మాట పారసీకం నుండి ఉర్దూ ద్వారా మనకు చేరినది. మూల, ఏకాంతం అని దాని అర్థం. పరదా పాటించే స్త్రీల కొరకు వెలసిన వైద్యశాలలకు ఆ పేరు నిలిచినది. ముఖానికి పరదా ఉన్నను లేకున్నను, శస్త్రచికిత్స పిమ్మట స్త్రీ పడే నొప్పి మాత్రం మన ఇండ్లలో ఇంకను గోషాలోనే ఉన్నది. "ఆడపుట్టుక, ఓర్చుకోవాలి తల్లీ" అని పెద్దలంటారు, ఆమె ఓర్చుకుంటుంది.

ఇది ఏ కొద్దిమంది సంగతో కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏండ్ల వివాహితలలో నూటికి సుమారు 70 మంది కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవారే. కాన్పులలో నూటికి 42 సిజేరియన్లు.

శస్త్రచికిత్స వేళ నొప్పి తెలియకుండా చేసే విద్యలో తెలుగునేలకు ఘనచరిత్ర కలదు. 1888, 1889 సంవత్సరాలలో ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆదరణతో, రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో హైదరాబాదులో రెండు క్లోరోఫారం కమిషన్లు పరిశోధనలు జరిపినవి. ఆ నగరపు వైద్యపాఠశాలలో చదివిన రూపాబాయి ఫర్దూన్జీ ప్రపంచపు తొలి మహిళా మత్తు వైద్యురాలిగా పేరొందినారు. అయితే క్లోరోఫారం మెలకువను హరించేది. మెలకువ వచ్చిన పిమ్మట నొప్పి రోగి పాలే.

స్థానిక మత్తు త్రోవ వేరు. 1884లో వియన్నాలో కార్ల్ కోలర్ కొకైన్‌తో కంటిని మాత్రమే తిమ్మిరెక్కించి చూపినాడు. 1892లో బెర్లిన్‌లో కార్ల్ ష్లైఖ్, కోయవలసిన చోటనే మందును పొరలు పొరలుగా ఎక్కించే పద్ధతిని ప్రకటించినాడు. స్వీడన్‌లో 1943లో లిగ్నోకైన్, 1957లో బుపివకైన్ తయారైనవి.

ఇవి పనిచేసే తీరు సులభగ్రాహ్యం. నొప్పి కబురు నరం వెంట విద్యుత్తరంగం వలె మెదడుకు సాగుతుంది. అందుకు నరపు పొరలోని సన్నని ద్వారాల గుండా సోడియం అయాన్లు లోనికి ప్రవేశించాలి. ఈ మందు ఆ ద్వారాలను మూస్తుంది. కబురు బయలుదేరిన చోటనే ఆగుతుంది. గర్భసంచి తొలగించినా, సిజేరియన్ చేసినా, కుట్లు వేసే సమయాన వైద్యులు చర్మం క్రిందను, కండను కప్పిన గట్టి పొర వెంటను మందు ఎక్కిస్తారు. సూది రక్తనాళంలో పడలేదని సిరంజి కాడను వెనుకకు లాగి చూసుకుంటారు. లిగ్నోకైన్ గంట, రెండు గంటలు పనిచేస్తుంది. బుపివకైన్ నాలుగు నుండి ఎనిమిది గంటలు.

మోతాదుకు హద్దు కలదు. బుపివకైన్ బరువు కిలోకు 2 మిల్లీగ్రాములు మించరాదు. 50 కిలోల స్త్రీకి 100 మిల్లీగ్రాములు, అనగా 0.25 శాతం ద్రావణం 40 మిల్లీలీటర్లు. మించితే పెదవులు తిమ్మిరెక్కుతాయి, చెవులు హోరెత్తుతాయి, మూర్ఛ రావచ్చు, గుండె లయ తప్పవచ్చు.

సిజేరియన్ స్త్రీలపై జరిగిన పరీక్షలను క్రోడీకరించిన 2009 నాటి కాక్రేన్ సమీక్ష, ఈ పద్ధతి వలన మార్ఫిన్ వంటి మందుల వాడకం తగ్గినదని తేల్చినది. ఆ మందులు తగ్గితే మగత, వాంతులు తగ్గుతాయి. నొప్పి తగ్గిన తల్లి త్వరగా లేచి నడుస్తుంది, బిడ్డను ఒడిలోకి తీసుకుంటుంది.

అయినా ఇది సర్వరోగ నివారిణి కాదు. కోత నొప్పినే ఆపుతుంది. కాన్పు పిమ్మట గర్భసంచి ముడుచుకునే నొప్పి వేరు నరాల వెంట వస్తుంది. దానికి వేరు మందులు కావాలి.

ఇచ్చటనే మా వంటి భాషాబోధకుల మాటకు చోటున్నది. మేము వైద్యులం కాము. కాని నొప్పికి తెలుగులో ఒక్క మాటే లేదని ఎరుగుదుము. మంట, సలుపు, పోటు, పీకు, తీపు – ఒక్కొక్కటి ఒక్కొక్క కబురు. కుట్ల వద్ద మంటయా, పొత్తికడుపులో పోటా అన్నది రోగి చెప్పగలిగితే వైద్యునికి సగం దారి తెలిసినట్లే. కావున విద్యార్థినీ విద్యార్థులారా, మీ తల్లికో అక్కకో శస్త్రచికిత్స జరగనున్నప్పుడు "కోత వద్ద స్థానిక మత్తు ఇస్తారా? ఆ తరువాత నొప్పికి ఏమి ఇస్తారు?" అని వైద్యులను వినయంగా అడగండి. ఓర్పు సుగుణమే. అది చికిత్స మాత్రం కాదు.