"కొంటారా?" అని అడిగి దెబ్బతిన్నాను: రైతుల సర్వేకి ప్రశ్నలు ఎలా రాయాలి?

ఏ వ్యాపారం మొదలుపెట్టినా ముందు సర్వే చేయమని అందరూ చెప్తారు. ప్రశ్న ఎలా అడగాలో మాత్రం ఎవరూ చెప్పరు. నేను డబ్బులు పోగొట్టుకుని నేర్చుకున్నది ఈరోజు చెప్తాను. నేను వాడే ఫారం పైన వీడియోలో చూపించాను.

జీవామృతం తయారుచేసి అమ్ముదామని ముందు 40 మందిని అడిగాను. "ప్రకృతి వ్యవసాయం నేలకు మంచిదే కదా, జీవామృతం రెడీగా దొరికితే కొంటారా?" అన్నాను. 34 మంది కొంటామన్నారు. షెడ్డు వేశాను, డ్రమ్ములు కొన్నాను. ఆ సీజన్‌లో కొన్నది ఐదుగురే. జీవామృతం నిల్వ ఉండే సరుకు కాదు కదండీ, మిగిలిందంతా నా పొలానికే పారించుకున్నాను. వాళ్లు అబద్ధం చెప్పలేదు. గడప దాకా వచ్చినవాడిని కాదనలేకపోయారు. తప్పు నా ప్రశ్నదే.

ప్రశ్న రాసేటప్పుడు

1. జరిగింది అడగండి. "కొంటారా?" కాదు, "గత ఖరీఫ్‌లో ఎన్నిసార్లు వేశారు? ఎవరు కలిపారు?" అని అడగాలి.

2. జవాబు మనమే అందించకూడదు. "మంచిదే కదా" అన్నాక ఎవరైనా అవుననే అంటారు.

3. ఒక ప్రశ్నలో ఒక్కటే విషయం. "జీవామృతం, కషాయాలు వాడుతున్నారా?" అంటే ఒక్కటే వాడేవాళ్లు ఏం చెప్పాలి?

4. గడులు కలవకూడదు. "1–2 ఎకరాలు, 2–5 ఎకరాలు" అని పెడితే రెండెకరాల రైతు ఎక్కడ టిక్కు పెట్టాలి?

5. కొలత రాసుకోండి. ఎకరానికి 100 సెంట్లు, 40 గుంటలు. బస్తా అంటే మాత్రం ఎన్ని కిలోలో అడగాల్సిందే.

6. ముందు ఐదుగురితో ఫారం పరీక్షించండి. ఎక్కడ "అంటే ఏంటి బాబూ?" అన్నారో ఆ ప్రశ్న మార్చండి.

ఎవరిని అడగాలి?

మన ప్రకృతి వ్యవసాయం వాట్సాప్ గ్రూపులో అడిగితే అందరూ మనవాళ్లే. అది ఊరి మాట కాదు. మానేసినవాళ్లను, కౌలు రైతులను, ఇంట్లో ఆడవాళ్లను తప్పకుండా అడగండి. ఫోన్ నంబరు, ఆధార్ అవసరం లేకపోతే రాసుకోవద్దు. పేరు లేదంటే మనసులో మాట చెప్తారు.

జవాబులు లెక్కపెట్టేటప్పుడు

సగటు ఒక్కటే చూడకండి. ఐదుగురికి 1, 2, 2, 3, 22 ఎకరాలు ఉన్నాయనుకోండి. సగటు 6 ఎకరాలు. కానీ ఆరెకరాల రైతు ఒక్కడూ లేడు! వరుసలో పెట్టి మధ్యలోది తీసుకుంటే 2 ఎకరాలు. దీన్నే మధ్యగతం అంటారు. మన ఊళ్లకు ఇదే దగ్గరగా ఉంటుంది.

"పూర్తిగా ఒప్పుకుంటాను" నుంచి "అస్సలు ఒప్పుకోను" దాకా ఐదు మెట్ల ప్రశ్నలు చూసే ఉంటారు. ఇది 1932లో రెన్సిస్ లికర్ట్ ఇచ్చిన పద్ధతి. ఇలాంటి ఒక్క ప్రశ్నకు సగటు తీయడం కన్నా ఏ మెట్టు మీద ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టడం మేలు. జవాబు చెప్పనివాళ్లను "కాదు"లో కలపకండి, విడిగా రాయండి. సొంత భూమి రైతులను, కౌలు రైతులను కూడా విడివిడిగా చూడండి.

రెండోసారి ఇలా అడిగితే అసలు సంగతి బయటపడింది. కలపడం వాళ్లకు కష్టం కాదు, డ్రమ్ము పొలం దాకా మోయడమే కష్టం. ఆ మాట ఎక్కువగా చెప్పింది ఆడవాళ్లే. మొదటిసారి వాళ్లలో ఒక్కరినీ నేను అడగలేదు. ఇప్పుడు ఆరబెట్టిన ఘనజీవామృతం సంచుల్లో అమ్ముతున్నాను. అది నిల్వ ఉంటుంది, సైకిల్ మీద కూడా పోతుంది.

షెడ్డు ఖర్చుతో పోలిస్తే కాగితం ఖర్చెంత? ముందు కాగితం మీద తప్పులు చేద్దాం. మీ ఫారంలో ప్రశ్నలు కామెంట్‌లో పెట్టండి, కలిసి సరిచేద్దాం.