కవలల పోలిక ముఖంలో వెతకకండి

తొట్టెల రోజు వచ్చిన చుట్టాలందరిదీ ఒకటే మాట. "అచ్చం ఒక్క తీరుగున్నరు" అని మేనత్త, "ఏడ, ముక్కు సూడు" అని అమ్మమ్మ. ఆ పంచాయితీలో మీరు దిగకండి. పుట్టిన కొత్తలో ముఖం చూసి ఏ సంగతీ తేలదు. ఒకే అండం రెండుగా చీలి పుట్టిన కవలల్లోనూ, మాయ నుంచి రక్తం సమానంగా అందకపోతే ఒకరు బొద్దుగా, ఒకరు బక్కగా ఉంటారు. రెండు అండాల కవలలు కొన్నాళ్లు ఒకేలా కనిపించి మోసం చేస్తారు.

ఒకరు ఆడ, ఒకరు మగ అయితే ఆలోచించే పనే లేదు. వాళ్లు రెండు అండాల పిల్లలే. ఇద్దరూ ఆడపిల్లలో, మగపిల్లలో అయితే కాన్పు కాగితాలు బయటికి తీయండి. ఆదిలాబాద్ రిమ్స్‌లో పుట్టినా, కరీంనగర్ మాతా శిశు కేంద్రంలో పుట్టినా మూడో నెల స్కానింగ్ రిపోర్టే మంచి సాక్ష్యం. అందులో 'మోనోకోరియానిక్' అని ఉంటే ఇద్దరిదీ ఒకే మాయ, అంటే దాదాపు ఖాయంగా ఒకే అండం. 'డైకోరియానిక్' అని ఉంటే మాత్రం తొందరపడి తేల్చేయకండి. ఒకే అండం కవలల్లోనూ నాలుగో వంతు మందికి పైగా ఎవరి మాయ వారికే ఉంటుంది.

తర్వాత బ్లడ్ గ్రూపు చూడండి. గ్రూపులు వేరైతే రెండు అండాలు. ఒకటే అయితే అదేమీ రుజువు కాదు. తల్లిదండ్రులిద్దరిదీ 'ఓ' గ్రూపైతే పిల్లలకూ మామూలుగా అదే వస్తుంది. వేలిముద్రలు అసలే పనికిరావు, ఒకే అండం కవలలవి కూడా కలవవు. కచ్చితంగా తెలియాలంటే చెంప లోపల దూదిపుల్ల తిప్పి చేసే డీఎన్ఏ పరీక్షే దారి. కేవలం కుతూహలం కోసమైతే ఆ ఖర్చు అక్కర్లేదు.

ఈ సంగతి నిజంగా అక్కరకొచ్చేది జబ్బుల దగ్గర. ఆదిలాబాద్ గోండు, కొలాం గూడేల్లో సికిల్‌సెల్ ఉంది. ఒకే అండం కవలల్లో ఒకరికి అది ఉంటే రెండోవారికీ ఉంటుంది. రెండు అండాల కవలలైతే, తల్లిదండ్రులిద్దరూ ఆ జన్యువును మోసేవారైనప్పుడు, ఒక్కొక్కరికి విడివిడిగా నాలుగింట ఒక వంతు ముప్పు. ఒకరికి లేదని తేలినంత మాత్రాన రెండోవారిని వదిలేయకూడదు.

ఇక ఇంట్లో రోజూ వచ్చే చిక్కు వేరు: ఎవరికి మందు పోశాం, ఎవరికి పోయలేదు? దిష్టిచుక్కను నమ్ముకోకండి, నీళ్లు పోయగానే పోతుంది. ఒకరి కాలి బొటనవేలి గోటికి రంగు వేయండి. పాలు, మందులు ఎవరివి వారి పేరున రాసి పెట్టండి. టీకా కార్డులు రెండు తీసుకోండి. వాళ్లది ఒక అండమైనా రెండైనా, ఆశా కార్యకర్త సికిల్‌సెల్ పరీక్షకు పిలిస్తే ఇద్దరినీ తీసుకెళ్లండి.